చైనా మోషన్ గోలీలు: వేసుకునే ముందు డబ్బా మీద ఏం చూడాలి

సింగపూర్, హాంకాంగ్ పోయిన పిల్లలు ఇంటికొస్తూ అమ్మానాన్నలకు చైనా మూలికల గోలీలు కూడా తెస్తున్నారు. దేవరకొండలోని మా మెడికల్ షాపు కౌంటర్ మీద ఆ డబ్బా పెట్టి, "మోషన్ ఫ్రీ అయితదంట బిడ్డా, ఎన్ని వేసుకోవాలె?" అని అడుగుతారు. ఎన్ని అన్నది తర్వాత. మలం ఎట్లా వస్తున్నది, ఇంకా ఏం మందులు వాడుతున్నారు అన్నది ముందు తేలాలి.

ఎందుకంటే, చైనా వైద్యంలో మలబద్ధకం అనగానే అందరికీ ఒకే మందు ఇవ్వరు. మలం మేక పెంటికల్లా ఎండి గట్టిగా వస్తుంటే 'మా జీ రెన్ వాన్'. పెద్ద వయసులో నడుము నొప్పి, కాళ్లు చల్లబడటం, మూత్రం ఎక్కువగా పోవడం కూడా ఉంటే 'జీ చువాన్ జ్యెన్'. జ్వరంతో కడుపు గట్టిపడి బిగుసుకుపోతే వాడేది 'దా చెంగ్ చీ తాంగ్'. దాని జోలికి ఇంట్లో పోవద్దు. అందులో సోడియం సల్ఫేట్ ఉప్పు కూడా పడుతుంది. ఒకసారి విరేచనం కాగానే మిగతా కషాయం తాగొద్దని పాత గ్రంథమే చెప్పింది. అయినా అలాంటి కడుపుకు ఈరోజుల్లో కావాల్సింది సర్జన్.

మన దగ్గరికి ఎక్కువగా వచ్చేది మా జీ రెన్ వాన్. సుమారు 1,800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన మందు ఇది. అందులో ఆరు దినుసులుంటాయి. మొదటిది గంజాయి గింజ. భయపడకండి, మత్తు ఉండేది పూతలో, ఆకులో. గింజలో ఉండేది నూనె, అదే మలాన్ని జారేలా చేస్తుంది. ఆప్రికాట్ పప్పుది కూడా అదే పని. మిగతావి పియోనీ వేరు, మాగ్నోలియా బెరడు, ఎండిన నారింజ పిందెలు, రేవల్చిన్ని (ఇంగ్లిషులో రుబార్బ్, శాస్త్రీయ నామం రీయం). చైనా ఫార్మకోపియా, అంటే అక్కడి మందుల అధికారిక గ్రంథం, ఆ పిందెల కింద చేదు నారింజనే కాదు, తీపి నారింజనూ ఒప్పుకుంటుంది. మన నల్లగొండ బత్తాయి ఆ జాతిదే! అట్లని తోటలో రాలిన పిందెలు ఏరి ఉడకబెట్టకండి. వాటి మీద పురుగుమందు ఉంటుంది, పైగా ఆ పిందెల్లోని సినెఫ్రిన్ అనే పదార్థం బీపీ పెంచుతుంది.

అసలు పని చేసేది రేవల్చిన్ని. ఇందులో విరేచనం చేయించే సెన్నోసైడ్లే సునాముఖిలోనూ ఉంటాయి. రాత్రి సునాముఖి ఉన్న మోషన్ చూర్ణం, దాని మీద ఈ గోలీలు వేసుకుంటే డోసు డబుల్ అయినట్టే. తెల్లారేసరికి మెలిపెట్టే నొప్పి, నీళ్ల విరేచనాలు. అందుకే ఫోన్ కెమెరాతో డబ్బా మీది చైనా అక్షరాలను తర్జుమా చేయించి, రుబార్బ్ అనో రీయం అనో ఉందేమో చూడండి. తర్జుమాలో ఏదీ తేలకపోతే ఆ గోలీలు పక్కన పెట్టేయడమే.

వాడే పద్ధతి: రాత్రి తిన్నాక గోరువెచ్చని నీళ్లతో, డబ్బా మీద రాసిన వాటిలో తక్కువ డోసుతో మొదలుపెట్టండి. ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, గంటలో రాలేదని ఇంకో నాలుగు మింగొద్దు. జాంగ్ రాసిన పాత లెక్క కూడా మెల్లగా పెంచమనే చెబుతుంది: పది గోలీలు, రోజుకు మూడుసార్లు, గుణం కనబడేదాకా కొంచెం కొంచెం పెంచుతూ. ఇప్పటి గోలీల సైజులు వేరు కాబట్టి ఆ పది అంకెను పట్టుకోవద్దు. మోషన్ సాఫీగా అయితే ఆపేయండి. వారం దాటి వాడాల్సి వస్తే డాక్టరుకు చూపించాల్సిందే. విడి మూలికలతో కషాయం కాచేవాళ్లు ఇనప, అల్యూమినియం గిన్నెలు కాకుండా మట్టికుండ వాడాలి. రేవల్చిన్ని చివరి ఐదారు నిమిషాల్లో వేస్తే ఘాటుగా పనిచేస్తుంది, ఎక్కువసేపు ఉడికిస్తే మెత్తబడుతుంది. పెద్దవాళ్లకు మెత్తబడిందే నయం.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వేసుకోకూడదు. ఒంట్లో నీరు తీసే మాత్రలు, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లు కూడా వద్దు, పొటాషియం పడిపోతుంది. వాంతులు, కడుపునొప్పి ఉండి గాలి కూడా పోకపోతే ఏ గోలీ వేయకుండా ఆస్పత్రికి. మలంలో రక్తం, బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, వీటికీ అంతే.

ఇంకొకటి, ఐరన్ మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు, కొన్ని బీపీ మాత్రలు తామే మోషన్ కట్టేస్తాయి. చైనా డబ్బాతోపాటు ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకొని డాక్టరు దగ్గరికి పోండి. మార్చాల్సిన మాత్ర ఆ సంచిలోనే దొరకొచ్చు.