కారు పాఠాలు – 4వ భాగం: కంపెనీ పార్టా, బయట పార్టా?

పోయిన భాగంలో ఎస్టిమేట్ చదవడం చూశాం కదా, అందులో పార్ట్స్ రేట్ల దగ్గర ఆగాం, ఇవాళ అక్కడి నుంచే మొదలుపెడదాం.

"కంపెనీది వేయమంటారా, బయటది వేయమంటారా?" అని మెకానిక్ అడగ్గానే జవాబు చెప్పేయకండి. ముందు ఆ బయటది ఎవరు తయారు చేశారో అడగండి. కార్ల కంపెనీలు చాలా పార్టులు సొంతంగా చేయవు, క్లచ్ ఒకరితో, హెడ్‌లైట్ ఇంకొకరితో చేయించుకుని తమ డబ్బాలో పెట్టి అమ్ముతాయి. ఆ చేసినవాళ్లే తమ పేరుతో బయట అమ్మితే దాన్ని ఓఈఎస్ అంటారు, బాష్, వేలియో, గాబ్రియెల్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. ఇక వేరేవాళ్లు సొంతంగా చేసేది ఆఫ్టర్‌మార్కెట్, అందులో మంచివీ ఉన్నాయి నాసివీ ఉన్నాయి. కంపెనీ పేరు దొంగిలించి అచ్చేసిన డూప్లికేట్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, "ఒరిజినలే సార్, సగం రేటుకి ఇస్తా" అన్నారంటే అక్కడే అనుమానించాలి.

ఈ ఓఈఎస్ సరుకు మనదాకా రాకుండా సప్లయర్లని ఒప్పందాలతో కట్టేశారన్నది కూడా ఒక కారణంగా 2014లో మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్ల జరిమానా వేసింది, కంపెనీలు అప్పీలుకి వెళ్లాయి. నా ఉద్దేశంలో కారున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన తీర్పు అది.

సరే, చేత్తో పట్టుకుని చూద్దాం. ఇంజన్ ఆయిల్‌ని వడకట్టే, డబ్బాలా ఉండే ఆయిల్ ఫిల్టర్ తిరగేస్తే మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. చాలా ఫిల్టర్లలో ఆ చిన్న రంధ్రాల వెనక ఒక రబ్బరు పొర ఉంటుంది, ఇంజన్ ఆపాక ఆయిల్ కిందకి జారిపోకుండా ఆపేది అదే. చీపు వాటిలో అది త్వరగా గట్టిపడి పట్టు వదిలేస్తుంది, ఇక రాత్రంతా ఆయిల్ జారిపోయి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమని సౌండ్ వస్తుంది, అరుగుదల మొదలయ్యేది అక్కడే. పేరున్న ఓఈఎస్ ఫిల్టర్ వేసుకుంటే చాలు, షోరూమ్‌కే పోవాల్సిన పని లేదు.

వైపర్లు, బ్యాటరీ, ఏసీ ఫిల్టర్, బల్బులు కూడా నిశ్చింతగా బయట కొనుక్కోండి. బ్రేక్ ప్యాడ్లయితే ఓఈఎస్ కంటే కిందకి దిగొద్దు, ఆ మిగిలే నాలుగు డబ్బుల కోసం ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు దిగలేం కదండీ. ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్, ఇమ్మొబిలైజర్ తాళం (దొంగలు స్టార్ట్ చేయకుండా ఆపే చిప్ తాళం), ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) మాత్రం డీలర్ దగ్గరే. వారంటీ ఉన్న కారైతే బయట పార్టు వేసే ముందు వారంటీ బుక్‌లో షరతులు ఒకసారి చదవండి.

విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా సికింద్రాబాద్ రాణిగంజ్‌కి వెళ్లినా కారు పేరొక్కటే చెప్తే సరిపోదు, ఒకే మోడల్‌లో ఏడాది మారితే ప్యాడ్ సైజు మారొచ్చు. పాత పార్టు మీద నంబర్ ఫొటో తీసుకోండి, ఆర్‌సీలో 17 అక్షరాల ఛాసిస్ నంబర్ రాసుకోండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి, పాత పార్టు కూడా అడిగి వెనక్కి తెచ్చుకోండి.

వచ్చే భాగంలోపు మీ కారు ఆయిల్ ఫిల్టర్ పార్ట్ నంబర్ కనుక్కుని దానికి డీలర్ రేటు, ఓఈఎస్ రేటు పక్కపక్కన రాసి ఉంచండి, లేబర్ ఛార్జీల లెక్క వాటితోనే మొదలుపెడదాం.