ట్యూబ్‌లెస్ చక్రానికి వంపు వాల్వు అమర్చడం

అల్లాయ్ చక్రాల మోటారుసైకిలుకు పెట్రోలు బంకులో గాలి కొట్టించేటప్పుడు, ఒక పక్క బ్రేకు డిస్కు, మరొక పక్క చక్రం ఊచలు అడ్డం వచ్చి గొట్టం మూతి వాల్వుపై సరిగా కూర్చోదు. అక్కడి కుర్రవాడు వాల్వును పక్కకు వంచి పని కానిచ్చేస్తాడు. అలా వంచినప్పుడల్లా రబ్బరు వాల్వు మొదలు నలుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనే బెజవాడ ఎండలో ఆ రబ్బరు గట్టిపడి, మొదట్లో సన్నని చీలికలు తేలడం సహజం. బొటనవేలితో వాల్వును కొద్దిగా వంచి, రిమ్మును ఆనుకున్న చోట పరిశీలిస్తే అవి కనిపిస్తాయి. కనిపించిన వాల్వును ఇక నమ్మరాదు. దాని స్థానంలో లోహపు వంపు వాల్వు బిగిస్తే మూతి పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి గాలి కొట్టడం తేలికవుతుంది. ట్యూబు ఉన్న చక్రాలకు ఈ పద్ధతి వర్తించదు. వాటిలో వాల్వు ట్యూబులోనే భాగం.

ఆటోనగర్‌లో దుకాణానికి వెళ్ళి బండి పేరు చెప్పి వాల్వు అడగడం కంటే, రిమ్ముకున్న రంధ్రం కొలత చెప్పి అడగడం మేలు. ఈ వాల్వులు ఎక్కువగా 8.3 మి.మీ., 11.3 మి.మీ. కొలతల్లో దొరుకుతాయి; పెద్ద రంధ్రంలో చిన్నది బిగిస్తే రబ్బరు వాషరు పక్కకు జారి గాలి దిగిపోతుంది. అల్యూమినియం వాల్వు కొన్నట్లయితే లోపలి పిన్ను (గాలి బయటకు పోకుండా ఆపే చిన్న భాగం) నికెల్ పూత ఉన్నదై ఉండాలి, మూత ప్లాస్టిక్‌దై ఉండాలి. మామూలు పిన్ను ఇత్తడిది; ఇత్తడి, అల్యూమినియం తేమలో ఒకదానికొకటి తగిలి ఉంటే పట్టేసుకుంటాయి, కొన్నాళ్ళకు పిన్ను విప్పబోతే వాల్వే విరుగుతుంది. రంగు చూసి మోజుపడి కొనేవారు ఈ సంగతి పట్టించుకోరు.

టైరు మార్చే రోజునే ఈ పని పెట్టుకుంటే కూలి కలిసివస్తుంది. విడిగా చేయాలంటే చక్రాన్ని బండి నుంచి తీసి, డిస్కు పైకి ఉండేలా పాత టైరు మీద పడుకోబెట్టాలి. డిస్కు నేలకు ఆనితే వంగే ప్రమాదం ఉంది. అంతకుముందే, ఏ వైపు వాల్వు మూతి తిప్పాలో చక్రం బండికి ఉన్నప్పుడే చూసి సుద్దతో గుర్తు పెట్టుకోవడం మంచిది. సాధారణంగా డిస్కు, గొలుసు లేని వైపే అనుకూలం.

పిన్ను విప్పి గాలి పూర్తిగా తీసేసిన తరువాత, వాల్వు దగ్గర టైరు అంచును రిమ్ము నుంచి విడదీసి, కిందికి నొక్కి, మళ్ళీ మూసుకోకుండా చెక్కముక్క పెట్టాలి. పాత వాల్వును బయటివైపు బ్లేడుతో కోసి, మిగిలిన భాగాన్ని లోపలికి నెట్టి వేళ్ళతో తీయాలి. రంధ్రం చుట్టూ అంటుకున్న పాత రబ్బరును, తుప్పును లోపల, బయట శుభ్రంగా గీకి తుడవాలి. కొత్త వాల్వు ఎంత మంచిదైనా కింద ఇసుక రేణువు ఉంటే ఫలితం ఉండదు.

అసలు నైపుణ్యం బిగింపులో ఉంది. రబ్బరు వాషరు రిమ్ము లోపలివైపు ఉండేలా వాల్వును లోపలి నుంచి దూర్చి, బయట నట్టు తిప్పేటప్పుడు వాల్వు కూడా దానితో పాటు తిరగబోతుంది; అందుకని ఒక చేత్తో వాల్వును గుర్తు పెట్టిన దిశలో కదలకుండా పట్టుకుని, రెండవ చేత్తో చిన్న స్పానరుతో నట్టు బిగించాలి. రబ్బరు కొద్దిగా నొక్కుకోగానే ఆపాలి. గట్టిగా ఉండాలని ఇంకా లాగితే వాషరు చిట్లుతుంది లేదా మర పోతుంది. బిగింపు గురించి ఉత్పత్తిదారు ఇచ్చిన సూచన ఉంటే అదే ప్రమాణం.

టైరు అంచుకు సబ్బు నీళ్ళు పూసి, పిన్ను లేకుండా కంప్రెసరుతో గాలి పట్టిస్తే, అంచు టప్పున శబ్దం చేస్తూ రిమ్ములో కూర్చుంటుంది. కాలి పంపుతో ఇది సాధారణంగా సాధ్యం కాదు, కాబట్టి పంక్చరు షాపుకు తీసుకెళ్ళడమే సులువు. టైరు మీద ముద్రించిన గరిష్ఠ పీడనాన్ని దాటరాదు. తరువాత పిన్ను బిగించి, బండి పుస్తకంలో చెప్పినంత గాలి పెట్టి, వాల్వు మొదట్లో సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వస్తున్నాయో లేదో తెలుస్తుంది. డిస్కు మీద పడిన సబ్బును పూర్తిగా తుడవాలి.

చక్రం బిగించాక మూత పెట్టి, చేత్తో నెమ్మదిగా పూర్తిగా తిప్పి చూడాలి. బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టి నొక్కే భాగం), ఏబీఎస్ సెన్సర్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థలోది), వెనక చక్రమైతే దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ దగ్గర వేలు దూరేంత సందు ఉండాలి. మూత స్థానంలో గాలి చూపే సెన్సరు బిగించే ఉద్దేశం ఉంటే అదనపు పొడవునూ లెక్కించాలి. లోహపు వాల్వు రబ్బరు దానికంటే బరువు కాబట్టి, గుంటూరు రోడ్డున 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వెళ్ళే బండికి బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సరిచేయడం) కూడా చేయించడం అవసరం. మర్నాడు ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. తగ్గి ఉంటే ముందుగా పిన్ను, ఆ తరువాత నట్టు చూడాలి.