రెండు గుంతల మరుగుదొడ్డి – 4వ పాఠం: నిండిన గుంత తెరవడం

పోయిన పాఠంలో జంక్షన్ చాంబర్‌లో (మరుగుదొడ్డి గొట్టం రెండు గుంతలకూ చీలే తొట్టిలో) నిండిన గుంత దారి మూసి, రెండో దారి తెరిచాం. ఆ తారీఖు గోడ మీద రాసుకోమన్నది ఇందుకే. లోపల ఎంత ఎండిందని కాదు, చివరి చుక్క పడి ఎన్నాళ్లయిందని చూడాలి. 20 డిగ్రీలు దాటే చోట ఏడాదికి పైగా నిలవుంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాల మాట. మేం ఏడాదిన్నర అంటాం. మిగతా క్రిములు ముందే చస్తాయి, ఏలికపాము గుడ్లే మొండివి.

తెరిచే ముందు చాంబర్ మూత ఎత్తి, మరుగుదొడ్లో బకెట్ నీళ్లు పోయించండి. పాత గుంత వైపు కాస్త ఊట కనబడినా లెక్క మళ్లీ మొదలే. కొందరు మేస్త్రీలు రెండు గొట్టాలూ తెరిచే వదిలేస్తారు. అప్పుడవి రెండు గుంతలు కావు, రెండు నోళ్లున్న ఒకే గుంత. వరల్లోకి భూగర్భజలం ఊరే చోటా ఈ లెక్క చెల్లదు.

పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. మూత తీసి ఒక పూట వదిలేయండి. గ్లవ్స్, బూట్లు వేసుకుని, పొడుగు కర్ర పారతో పైనుంచే తోడండి. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర పారిశుద్ధ్య కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గుంతలోకి దిగి మరీ తోడారు. జంకు పోగొట్టడానికి అది సరే, మీటరు లోతుకు మీరు దిగనక్కర్లేదు.

గ్లవ్స్ చేత్తో పిడికెడు పిసకండి. ముద్దయి, వేలితో తాకితే పొడిపొడిగా రాలాలి. నీరు కారకూడదు, మట్టి వాసనే రావాలి. బూడిదరంగు జిగట, కంపు ఉంటే మూసేసి ఆరు నెలలు ఆగండి.

మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత నిండా ఉన్నా 0.8 ఘనపు మీటర్లకు లోపే. 25 లీటర్ల గంపతో 20–30 గంపలు వస్తాయి. ప్లాస్టిక్, ప్యాడ్లు, బ్లేడ్లు ఏరేయండి. కొబ్బరి, మామిడి పాదుల్లో వేసి మట్టి కప్పండి. పచ్చిగా తినే కొత్తిమీర, క్యారెట్, ఉల్లి మడుల్లో వద్దు. యూరియాకు బదులనుకోకండి: నత్రజనిలో చాలా భాగం మూత్రంతో పాటు ఎప్పుడో నేలలో ఇంకిపోయింది. మట్టిని గుల్లపరచడం, తేమను పట్టి ఉంచడమే దీని గుణం.

సెప్టిక్ ట్యాంకు మడ్డికి ఇదేదీ వర్తించదు. అందులో రోజూ పచ్చిది కలుస్తూనే ఉంటుంది, లోపలి గాలి ప్రాణం తీస్తుంది. దాన్ని ఆరబెట్టి, చెత్తతో కలిపి కుప్పలో వేడెక్కించి ఎరువు చేసే పద్ధతి 5వ పాఠంలో.