ఎర్రమట్టి దిబ్బలను ఎలా చూడాలి

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే తీర రహదారిలో, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. చూపుకు ఎడారి లోయలా కనిపించినా ఇది ఎడారి కాదు; వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక ఐరన్ ఆక్సైడ్ పూతతో ఎర్రబడగా, వాననీరు దాన్ని కోసుకుంటూ పోయి ఈ గండ్లను మలిచింది. 2025లో ఈ ప్రదేశం యునెస్కో ప్రపంచ వారసత్వ హోదాకు ప్రతిపాదించదగిన స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది.

తెల్లవారగానే చేరుకోవడం మంచిది, ఎందుకంటే ఏటవాలు వెలుగులోనే మట్టి పొరలు విడివిడిగా కనిపిస్తాయి. పైగా మధ్యాహ్నం అక్కడ నీడ దొరకడం కష్టం. నీళ్లు, టోపీ, పట్టున్న బూట్లు తప్పనిసరి. గండ్ల అడుగునే నడవండి. అంచుల మీద నిలబడి ఫొటోలు దిగాలన్న సరదా చాలామందికి ఉంటుంది గానీ, ఆ ఇసుక గట్టిగా అతుక్కున్నది కాదు కనుక అంచు విరిగితే మనిషికీ ప్రమాదమే, దిబ్బకూ నష్టమే. పాయలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపలికి దిగేముందు బయలుదేరిన చోటును ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి. వాన కురుస్తున్నా, కురిసి వెలిసినా దిగకండి.

తిరుగు దారిలో మంగమారిపేట దగ్గర ఆగితే సముద్రపు కోతకు ఏర్పడిన సహజ శిలాతోరణాన్ని చూడవచ్చు. ఆటు సమయం ముందే తెలుసుకుని వెళ్లాలి; పోటు వేళ దగ్గరకు పోకూడదు.