కొత్త పెట్రోల్ పికప్ కొంటున్నారా? సంతకానికి ముందు హుడ్ ఎత్తి స్టిక్కర్ చదవండి

మొన్న శనివారం పొద్దున్నే, ఇక్కడ డాలస్‌లో మా వీధిలో కొత్తగా దిగిన కుర్రాడు ఒక పెద్ద జగ్గు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అన్నా, ఇది ఎక్కడ పోయాలి?" అని అడిగాడు. చూస్తే అది డెఫ్, అంటే డీజిల్ బండ్లలో పోసే యూరియా నీళ్లు. అతను వారం కిందట కొన్నది పెట్రోల్ పికప్. మాన్యువల్‌లో పర్టిక్యులేట్ ఫిల్టర్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అనే మాట కనిపించిందట. హైదరాబాద్‌లో డీజిల్ కారు నడిపే వాళ్ల బావకు ఫోన్ చేస్తే, ఫిల్టర్ ఉందంటే యూరియా కూడా పోయాల్సిందేనన్నాడట. బండికి యూరియా పోసే నీలం మూత ఎక్కడా కనపడక, పెట్రోల్ పోసే చోటే పోద్దామా అని ఆలోచిస్తూ, చివరి నిమిషంలో నా దగ్గరికి వచ్చాడు. పోసి ఉంటే ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, పైపులు అన్నీ పాడయ్యేవి. అలాంటి పొరపాటుకు వారంటీ కూడా వర్తించదు.

ఆ రోజు సాయంత్రమే ఇది రాయాలనుకున్నాను. లైసెన్సు, క్రెడిట్ స్కోరు, ఇన్సూరెన్సు గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది ఉంటారు. వాటి జోలికి నేను పోను. బండి కింద ఏముందో చూడమని చెప్పేవాళ్లే లేరు. నాకూ ఎవరూ చెప్పలేదు. డాలస్ వచ్చిన మొదటి ఏడాది, పెయింటు మెరుస్తోందని ఒక పాత పికప్ కొన్నాను. పొగలోని విష వాయువుల్ని శుభ్రం చేసే డబ్బా, అదే క్యాటలిటిక్ కన్వర్టర్, ఉండాల్సిన చోట ఎవరో ఉత్త గొట్టం పెట్టి వెల్డింగ్ చేశారు. నేను వంగి చూడలేదు. చూసినా నాకు తెలిసేది కాదు. పొగ పరీక్షలో బండి ఫెయిల్ అయింది, రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. రెండున్నర నెలలు ఆఫీసుకి ఒకరి కారులో, ఇంటికి ఇంకొకరి కారులో వచ్చాను. దాచుకున్న డబ్బంతా ఆ బండికే పోయింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు మాత్రం అంతా బాగుందని చెప్పేవాడిని. మీలో ఒక్కరికి కూడా అలాంటి రోజులు రాకూడదు.

అసలు పెట్రోల్ బండికి మసి ఫిల్టర్ ఎందుకు? ఇప్పటి ఇంజిన్లలో చాలావాటిలో పెట్రోల్ నేరుగా సిలిండర్ లోపలికే చిమ్ముతుంది. మైలేజీకి, బలానికి అది మంచిదే. కానీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కొంత పెట్రోల్ గాలిలో పూర్తిగా కలవక పిస్టన్ మీద తడిగా ఉండిపోతుంది. అది సరిగా కాలక మసి అవుతుంది. ఆ సన్నని మసిని పట్టడానికే జీపీఎఫ్, అంటే గ్యాసోలిన్ పర్టిక్యులేట్ ఫిల్టర్. లోపల పింగాణీ లాంటి తేనెపట్టు ఉంటుంది. దాని గదులు ఒకటి ముందువైపు, దాని పక్కది వెనకవైపు మూసి ఉంటాయి. పొగ గోడల్లోంచి దూరి వెళ్లాలి, మసి అక్కడే ఆగుతుంది. యూరప్‌లో 2018 ప్రాంతం నుంచే ఇవి మామూలైపోయాయి. అమెరికాకు ఆలస్యంగా వస్తున్నాయి. కాలిఫోర్నియా మైలుకు 1 మిల్లీగ్రాము మసి అనే హద్దును 2025 మోడళ్ల నుంచి అంచెలంచెలుగా పెట్టింది. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ 2024లో తెచ్చిన నియమం 2027 మోడళ్ల నుంచి మొదలుపెట్టి దేశమంతటికీ మసి హద్దును 0.5కి దించింది, అదీ మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ చలి పరీక్షలో కూడా. ఇలా అంచెలుగా వస్తున్నప్పుడు బండి పేరు చూసి ఏమీ చెప్పలేం. ఎఫ్-150కి ఉందా, సిల్వరాడోకి ఉందా, టండ్రాకి ఉందా అని నన్ను అడగకండి. ఏ ఏడాది, ఏ ఇంజిన్, ఏ సర్టిఫికేషన్ అన్నదాన్ని బట్టి మారుతుంది. మీ ఫ్రెండ్ బండికి లేదు కాబట్టి మీ బండికీ లేదనుకోవద్దు.

మరి ఎలా కనిపెట్టాలి? హుడ్ ఎత్తండి. ఇండియాలో మనం బానెట్ అంటామే, అదే. లోపలివైపునో, రేడియేటర్ పైనో ఒక స్టిక్కర్ ఉంటుంది. వెహికల్ ఎమిషన్ కంట్రోల్ ఇన్ఫర్మేషన్ అని దాని మీద రాసి ఉంటుంది. ఇంజిన్ ఎన్ని లీటర్లు, ఏ టెస్ట్ గ్రూపు, పొగను శుభ్రం చేసే పరికరాలు ఏవేవి అన్నది అందులో పొట్టి అక్షరాల్లో ఇస్తారు. టీడబ్ల్యూసీ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. హెచ్‌ఓ2ఎస్ అంటే ఆక్సిజన్ సెన్సర్. డీఎఫ్‌ఐ అంటే నేరుగా చిమ్మే ఇంజెక్షన్. టీసీ అంటే టర్బో. ఆ వరసలో జీపీఎఫ్ అని ఉంటే ఫిల్టర్ ఉన్నట్టే. ఫోటో తీసి దాచుకోండి, పదేళ్ల తర్వాత కూడా పనికొస్తుంది. అదే స్టిక్కర్ మీద బిన్ 30, బిన్ 70 లాంటి అంకెలు కనిపిస్తాయి. వాటిని చూసి ఫిల్టర్ ఉందని అనుకోవద్దు. ఆ అంకె నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని హైడ్రోకార్బన్ల లెక్క. మసి లెక్క వేరు.

తర్వాత కింద చూడండి. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. ఇంజిన్‌కి దగ్గరగా, రేకు కవచం కప్పుకుని ఉండే డబ్బా క్యాటలిటిక్ కన్వర్టర్. బాగా వెనక ఉండే పెద్ద డబ్బా మఫ్లర్, మన భాషలో సైలెన్సర్. ఫిల్టర్ విడిగా ఉంటే కన్వర్టర్ తర్వాత, దాదాపు దానిలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఆ డబ్బాకి ముందూ వెనకా రెండు సన్నని ఇనుప గొట్టాలు బయలుదేరి, రబ్బరు పైపులతో ఒక చిన్న ప్లాస్టిక్ సెన్సర్‌కి వెళ్తాయి. రెండు వైపుల ఒత్తిడిలో తేడా చూసి ఎంత మసి నిండిందో కంప్యూటర్ లెక్కేస్తుంది. కొన్ని డిజైన్లలో ఒకే గొట్టం ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ అయితే మరలా బిగించి, వైరుతో ఉంటుంది, గొట్టంతో కాదు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కి కూడా ఇలాంటి రెండు పైపుల సెన్సర్ కొన్ని బండ్లలో ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. కొందరు తయారీదారులు ఫిల్టర్‌నీ కన్వర్టర్‌నీ ఒకే డబ్బాలో పెట్టేస్తారు, అప్పుడు కంటితో చూసి చెప్పడం కష్టం. అందుకే కంటి కన్నా స్టిక్కర్‌ని నమ్మండి.

స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే డీలర్ దగ్గర పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లి, బండిని గుర్తించే 17 అక్షరాల విన్ నంబర్ ఇచ్చి, ఎగ్జాస్ట్ బొమ్మ చూపించమనండి. ఉత్త ఫిల్టర్ అని అడిగితే ఆయిల్ ఫిల్టర్ చేతిలో పెడతారు, జీపీఎఫ్ అని పూర్తిగా చెప్పండి. సేల్స్‌మన్ మాట సాక్ష్యం కాదు. మాన్యువల్ కూడా కాదు! ఒకే పుస్తకాన్ని అన్ని ఇంజిన్లకూ కలిపి అచ్చు వేస్తారు, ఫిల్టర్ పేజీలో "ఉంటేనే" అనే చిన్న మాట ఉంటుంది. మన కుర్రాడు చదవకుండా వదిలేసింది ఆ మాటే. అతని బండి హుడ్ ఎత్తి చూస్తే స్టిక్కర్ మీద టీడబ్ల్యూసీ, సెన్సర్లు, టర్బో ఉన్నాయి, జీపీఎఫ్ లేనే లేదు. లేని ఫిల్టర్ కోసం ఇంజిన్ పాడుచేసుకోబోయాడు. ఉన్నా సరే, పెట్రోల్ బండి మసి ఫిల్టర్‌కి యూరియా అక్కర్లేదు. ఇండియాలో డీజిల్ కారు నడిపేవాళ్ల సలహా ఇక్కడి పెట్రోల్ బండికి పెట్టకండి, ఎన్నిసార్లు చెప్పాలి?

ఇంకో గట్టి మాట. సౌండు బాగుంటుందని కొత్త బండిని మఫ్లర్ షాపుకి తీసుకెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఫిల్టర్ తీసేసి గొట్టం పెడతామని ఎవరైనా అంటే అక్కడినుంచి వచ్చేయండి. పొగ పరికరాలు పీకేయడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు బండ్లకు సేఫ్టీ తనిఖీ తీసేశారు కాబట్టి ఇక ఎవరూ చూడరని చెబుతారు. అది తప్పు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో 2 నుంచి 24 ఏళ్ల వయసున్న పెట్రోల్ బండ్లకు పొగ పరీక్ష అలాగే ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఫెయిల్. నేను పడిన రెండున్నర నెలలు అక్కడినుంచే మొదలయ్యాయి.

ఫిల్టర్ ఉందని తేలినవాళ్లకు ఆయిల్ సంగతి ఒకటుంది. మసి కాలిపోతుంది, ఆయిల్‌లోని కాల్షియం, జింకు లాంటివి కాలాక మిగిలే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. మాన్యువల్ చెప్పిన స్పెసిఫికేషన్ ఆయిలే పోయండి, సేల్‌లో దొరికింది కాదు. ఎండుగడ్డి మీద బండి ఆపకండి, టెక్సస్ వేసవిలో అసలు ఆపకండి, కింద డబ్బాలు విపరీతంగా వేడెక్కి ఉంటాయి.

సరే, ఇంతసేపు భయపెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. జీపీఎఫ్ ఉందని బండి వదులుకోనక్కర్లేదు. డీజిల్ పొగ కన్నా పెట్రోల్ పొగ చాలా వేడిగా ఉంటుంది. దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ వేడి, కాస్త ఆక్సిజన్ దొరికితే మసి దానంతట అదే కాలిపోతుంది. మీరు హైవే మీద యాక్సిలరేటర్ నుంచి కాలు తీసినప్పుడల్లా ఇంజిన్ పెట్రోల్ ఆపేస్తుంది, గాలి మాత్రం లోపలికి వెళ్తుంది, ఫిల్టర్ శుభ్రమవుతుంది. ఇల్లు, స్కూలు, గ్రోసరీ అని రెండు మైళ్లే తిప్పేవాళ్లు, ముఖ్యంగా చలికాలంలో, వారానికోసారి అరగంట హైవే మీద వెళ్లి, మధ్యమధ్యలో కాలు తీసి బండిని దానంతట దాన్ని నెమ్మదించనివ్వండి. ఫిల్టర్ నిండిందని డాష్‌బోర్డు మీద మెసేజ్ వచ్చినా ఎక్కువసార్లు దానికి మందు ఇదే. టెన్షన్ పడి ఆ రాత్రే షాపుకి పరిగెత్తకండి.

కుర్రాడు ఆ జగ్గును షాపులో తిరిగి ఇచ్చేశాడు. వచ్చే శనివారం వాళ్ల రూమ్మేట్ కొనబోయే బండి చూడటానికి ముగ్గురం కలిసి వెళ్తున్నాం. టార్చిలైటు నేను తెస్తానన్నాను.