ముందు దారులు, ఆ తర్వాతే సోఫా: ఫ్లాట్‌లో హాలు మళ్లీ సర్దుకునే పద్ధతి

మన ఫ్లాట్లలో హాలంటే నాలుగు రోడ్ల కూడలి. వీధి తలుపు, వంటిల్లు, పడకగదులు, బాల్కనీ అన్నీ అందులోకే తెరుచుకుంటాయి. అందుకే సోఫా ఎక్కడ వేద్దామా అని మొదలుపెడితే ఎన్నిసార్లు సర్దినా ఏదో ఒకటి కాలికి అడ్డం తగులుతూనే ఉంటుంది. ముందు మనుషులు నడిచే దారులు తేల్చుకోవాలి. సామానుకు మిగిలిన చోటే ఇవ్వాలి.

ఉదాహరణకు 11 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న హాలు తీసుకుందాం. భోజనాల బల్ల కూడా ఇందులోనే. ఒక పొట్టి గోడకు బాల్కనీ తలుపు, ఎదుటి పొట్టి గోడకు కుడి మూలన వంటింటి గుమ్మం. వీధి తలుపు ఎడమ పొడుగు గోడలో ఉంది, వంటింటి వైపు గోడ నుంచి 5 అడుగులు వదిలాక మొదలై ఎనిమిదిన్నర దగ్గర ముగుస్తుంది. దానికి ఎదురుగా కుడి గోడలో పడకగదులకు వెళ్లే నడవ. మీ ఇంట్లో గుమ్మాల వరస వేరుగా ఉన్నా లెక్క కట్టే తీరు ఇదే.

రెండు బై రెండు టైల్స్ వేసిన ఇల్లయితే సగం కొలత నేలే చెప్పేస్తుంది. టైలు పొడవునా తొమ్మిది, అడ్డంగా ఐదున్నర. అయితే ఆ టైలు నిజానికి 600 మిల్లీమీటర్లే, అంటే 23.6 అంగుళాలు. తొమ్మిది టైల్స్‌కు దాదాపు మూడున్నర అంగుళాల తేడా వస్తుంది. నడిచే దారులకు టైల్స్ లెక్క చాలు. సోఫా, టీవీ యూనిట్ లాంటివి కొనేటప్పుడు మాత్రం టేపు పట్టి కొలవాలి. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ మందాన్ని కూడా అందులోంచి తీసేయాలి.

ముగ్గు వేసే చాక్‌పీసు తీసుకుని దారులు గీయండి. వీధి తలుపు నుంచి నడవకు, అక్కడి నుంచే వంటింటికి, ఆ తర్వాత బాల్కనీకి. ప్రధాన దారికి 3 అడుగులు, అంటే టైలున్నర. బాల్కనీకి వెళ్లే దారి రెండున్నర అడుగులకు తగ్గకూడదు. వట్టి చేతులతో వెళ్లే మనిషికి అంతకన్నా తక్కువ చాలు కానీ, తడిబట్టల బకెట్టుతో వెళ్తే మోకాలి పక్కన ఇంకో అడుగు కావాలి.

ఇప్పుడు సామాను కొలతలు కూడా నేల మీదే గీయండి. మూడు సీట్ల సోఫా 7 అడుగులు బై 3, టీపాయ్ 4 బై 2, టీవీ యూనిట్ 5 అడుగులు బై 15 అంగుళాలు. కొందరు న్యూస్‌పేపర్లు పరిచి చూస్తారు. నున్నటి టైల్స్ మీద కాగితం జారుతుంది కాబట్టి పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఆ పని వద్దు. గీత చాలు. ఒక రోజంతా ఆ గీతలతోనే బతకండి. ముఖ్యంగా రాత్రి భోజనాల వేళ అందరూ ఇంట్లో ఉన్నప్పుడు గమనించండి. చాక్‌పీసు గీత ఎక్కడ చెరిగిందో అక్కడ జనం నడుస్తున్నారన్నమాట. సామాను అక్కడి నుంచి జరగాలి.

మన హాల్లో వీధి తలుపు దారి పోగా బాల్కనీ వైపు తొమ్మిదిన్నర అడుగుల ముక్క మిగిలింది. సోఫా కుడి గోడకు, టీవీ ఎడమ గోడకు. ఇలా వేస్తే కూర్చున్నవాళ్లకు గుమ్మంలో ఎవరున్నారో కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డవాళ్లకు టీవీ కనపడదు. 11 అడుగుల వెడల్పులో సోఫాకు 3, సోఫాకీ టీపాయ్‌కీ మధ్య ఒకటిన్నర, టీపాయ్‌కి 2, టీవీ యూనిట్‌కు ఒకటింపావు. మిగిలింది మూడుంపావు. అదే బాల్కనీకి దారి. బాల్కనీకి స్లైడింగ్ తలుపులుంటే టీవీ వైపు రెక్క తెరిచి వాడండి, సోఫా వైపు రెక్క మూసే ఉంచండి. టీపాయ్ ముందు వదిలిన ఒకటిన్నర అడుగును తగ్గించకండి. 12 అంగుళాలకు దిగితే కూర్చుని లేచేటప్పుడు మోకాళ్లు తగులుతాయి. 2 అడుగులు దాటితే కాఫీ గ్లాసు అందుకోవడానికి ప్రతిసారీ లేవాలి.

వీధి తలుపు రెక్క ఎటు తెరుచుకుంటుందో తప్పక చూసుకోవాలి. టీవీ గోడ మీదికి వాలేదైతే ఆ మూడున్నర అడుగుల గోడ తలుపుకే పోతుంది. మిగిలేది 6 అడుగులు. కాబట్టి 5 అడుగుల యూనిట్ పడుతుంది, 7 అడుగులది పట్టదు. రెక్క పూర్తిగా తెరుచుకోకపోతే రేపు ఫ్రిజ్ మార్చాలన్నా, బీరువా తేవాలన్నా తలుపు ఊడదీయాల్సిందే.

టీవీని బాల్కనీకి ఎదురుగా పెడితే పగలంతా తెరలో వెలుతురే కనిపిస్తుంది. బాల్కనీ పక్కనే అదే గోడకు పెడితే వెనక నుంచి వచ్చే ఎండకు కళ్లు లాగుతాయి. బాల్కనీకి అడ్డంగా ఉన్న గోడే మంచిది. దూరం ఎంతుండాలంటే, టీవీ సైజును ఒకటిన్నరతో ఒకసారి, రెండున్నరతో ఒకసారి గుణించండి. ఆ రెంటికీ మధ్య ఉంటే చాలు. 55 అంగుళాల టీవీకి సుమారు 7 నుంచి పదకొండున్నర అడుగులు. మన సోఫాలో కూర్చుంటే దూరం 9 అడుగుల లోపే ఉంటుంది, హాయిగా సరిపోతుంది. ఎత్తు దగ్గరే చాలా ఇళ్లలో పొరపాటు. ప్లగ్ పాయింటు 5 అడుగుల ఎత్తులో ఉందని టీవీని కూడా అక్కడే బిగించేస్తారు. సోఫాలో కూర్చుంటే మన కళ్లు నేల నుంచి 40 అంగుళాల దగ్గర ఉంటాయి. టీవీ మధ్యభాగం 40, 42 అంగుళాల్లో ఉండాలి. ఇంట్లో ఎక్కువమంది చాప మీదో దివాన్ మీదో కూర్చుని చూస్తే ఇంకాస్త కిందికి. పాయింటు దూరమైతే గోడ వెంబడి కేసింగ్ వేయించి వైరు లాగించుకోవచ్చు. బిల్డర్ ఇచ్చిన ఒక్క ప్లగ్ కోసం హాలు మొత్తాన్ని వంకరగా సర్దుకోవద్దు.

ఫ్యాను మాత్రం స్లాబులో హుక్కు ఉన్న చోటే ఉంటుంది. అందుకే ఆ హుక్కు కింద నేల మీద ఒక సున్నా చుట్టి, కూర్చునే చోట్లు దాని చుట్టూ వచ్చేలా చూడండి. ఏసీ గాలి సోఫా మీదుగా వెళ్లాలి తప్ప నేరుగా తల మీద పడకూడదు.

భోజనాల బల్ల వంటింటి పక్క ఎడమ మూలకు. 4 బై రెండున్నర బల్ల పొడుగు అంచును వంటింటి వైపు గోడకు ఆనిస్తే, ఎదుటి కుర్చీ లాక్కోవడానికి ఇంకో రెండున్నర. ఐదడుగులు సరిగ్గా సరిపోయాయి. నలుగురూ ఒకేసారి తినేటప్పుడు బల్లను గోడ నుంచి ముందుకు లాగండి.

ఇక టీపాయ్. రాతిపలకది, బరువైన టేకుది హాలు మధ్యలో వద్దని గట్టిగా చెబుతాం. వ్రతానికి పీటలు వేయాలన్నా, పది మందికి చాపలు పరచాలన్నా, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాలన్నా అదే చోటు కావాలి. ఒక్కరే ఎత్తి పక్కన పెట్టగలిగేది కొనండి. సింగిల్ సోఫాల జత బదులు రెండు పేము కుర్చీలు చాలు. చుట్టాలొస్తే లాక్కోవచ్చు, లేనప్పుడు బాల్కనీలో ఉంటాయి.

ఎల్ ఆకారం సోఫా కొంటే పొట్టి భాగం కుడా ఎడమా అన్నది కూర్చుని చూసి చెబుతున్నారా, ఎదురుగా నిలబడి చూసి చెబుతున్నారా అని షాపులో అడగండి. కాగితం మీద బొమ్మ గీసి, బాల్కనీ ఎటుందో రాసి, ఆర్డరుకు జతచేయించండి. మన హాల్లాంటి దాంట్లో ఆ పొట్టి భాగం బాల్కనీ తలుపుకో, వీధి తలుపు దారికో అడ్డం వస్తుంది. మూడు సీట్లదే మేలు.

వాస్తు చూసేవారు బరువులు నైరుతికి, ఈశాన్యం తేలిగ్గా అంటారు. రెండు పొడుగు గోడల్లో ఏది దక్షిణమో, పడమరో అటు సోఫా వేసుకుంటే పైన చెప్పిన వెడల్పు లెక్కలు అలాగే పనికొస్తాయి.

జరిపేటప్పుడు సోఫా కాళ్ల కింద పాత దుప్పటి మడిచి పెట్టి దుప్పటినే లాగండి. సోఫా కాళ్లతో లాగితే కాళ్ల కింద ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు టైలు మీద పొడుగాటి గీత మిగులుస్తుంది. గోడకు 3 అంగుళాల ఎడం వదలండి. వానాకాలంలో చెమ్మ పట్టే గోడకు ఆనించిన సోఫా వెనక గుడ్డ బూజు పడుతుంది. సోఫా అడుగున చీపురు దూరాలి, కనీసం 4 అంగుళాలు. పార్టికల్ బోర్డు టీవీ యూనిట్ నేలకు ఆని ఉంటే రోజూ తడిగుడ్డ పెట్టే నీటికి అడుగు అంచు ఉబ్బి పొరలుగా విడిపోతుంది. దానికి ప్లాస్టిక్ కాళ్లు బిగించుకోండి.

టీవీకి గోడలో రంధ్రాలు మాత్రం వారం ఆగి కొట్టించండి. అప్పటిదాకా యూనిట్ మీదే స్టాండుతో ఉంచండి. మొదటి ఆదివారం అందరూ కూర్చున్నాక సోఫా ఒక అడుగు అటో ఇటో జరపాలనిపిస్తుంది, దాంతోపాటు టీవీ కూడా జరగాలి.