ఎముకల బలం కోసం బరువులెత్తే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

యాభై ఏళ్లు దాటాక బరువుల వ్యాయామం మొదలుపెట్టేవారు డంబెల్ చేతికి తీసుకునే ముందే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

• ఎముకల సాంద్రతను డెక్సా అనే ఎక్స్‌రే పరీక్షతో తెలుసుకోవాలి. అందులో వచ్చే టి-స్కోరు (ఆరోగ్యవంతులైన యువకుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారు, నిలబడ్డచోటే పడి ఎముక విరిగినవారు, మునుపటికన్నా పొడవు తగ్గినట్లు గమనించినవారు వైద్యుని అనుమతి, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణ లేకుండా ప్రారంభించకూడదు.

• అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ వెన్నెముకపై ఉండాలి. వీపును గుండ్రంగా వంచి బరువు లేపినా, బరువు పట్టుకొని నడుమును మెలితిప్పినా వెన్నుపూసల ముందు భాగంపై ఒత్తిడి పెరుగుతుంది. పలచబడిన పూసలు ఆ ఒత్తిడికి నలిగిపోవచ్చు. ఎముకలు బలహీనపడినవారికి సిటప్‌లు కూడా ఇందుకే తగవు. వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగడాన్ని ముందుగా ఖాళీ చేతులతో, అద్దానికి పక్కగా నిలబడి సాధన చేయాలి. ఇది విసుగు పుట్టించే పనే అయినా దాటవేయదగినది కాదు.

• ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది కనుక, బరువు ఎత్తేటప్పుడు శ్వాస వదలాలి.

• తడి నేల, జారే చెప్పులు, కాళ్లకు అడ్డుపడే వస్తువులు లేకుండా చూసుకోవాలి. తూలేవారు దగ్గరలో కదలని ఆధారం ఉంచుకోవాలి.

• పది, పన్నెండు సార్లు భంగిమ చెడకుండా ఎత్తగలిగిన బరువుతోనే మొదలుపెట్టి, అది తేలికనిపించాకే కొద్దిగా పెంచాలి. అదే కండరాలకు మళ్లీ పని చెప్పేలోగా దాదాపు 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి.

• వీపులో హఠాత్తుగా నొప్పి, ఛాతీలో బరువు, తల తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి.